అలంపురం చెప్పే పాఠం: మన ఊరి చరిత్ర ఎవరు రాయాలి?



సంక్రాంతి సెలవులు దగ్గరికొచ్చాయి. మీలో చాలామంది ఈపాటికే బస్సుకో రైలుకో టికెట్లు తీసుకుని ఉంటారు. అమ్మమ్మగారి ఊరికో నాయనమ్మగారి ఊరికో బయల్దేరే ముందు ఈ నెల సోషల్ పేజీ ఒక్కసారి చదవండి. వీలైతే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ఇందులో ఒక కూడిక, ఒక భాగహారం కూడా ఉన్నాయి. అవి మాత్రం మీరు చెయ్యకండి, వాళ్లకే వదిలేయండి.

మొన్నామధ్య తొమ్మిదో తరగతిలో రెండు ప్రశ్నలు అడిగాను. మొదటి పానిపట్టు యుద్ధం ఎప్పుడు జరిగిందంటే క్లాసంతా ఒకే గొంతుతో 1526 అంది. మీ తాతగారి ఊళ్లో గుడిగానీ చెరువుగానీ ఎవరు కట్టించారో ఎవరైనా చెప్పగలరా అంటే నిశ్శబ్దం. కాసేపటికి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, "గూగుల్‌లో చూశాను సార్, మా ఊరి గురించి ఏమీ లేదు" అంది. ఆ మాటకు అందరూ నవ్వారుగానీ ఆ అమ్మాయి చెప్పింది నిజమే. గూగుల్‌లో ఉండాలంటే ముందు ఎవరో ఒకరు రాసి ఉండాలి. ఆ 'ఎవరో ఒకరు' ఎలాంటివాళ్లో, ఏం చేశారో, చెయ్యకపోతే ఏమవుతుందో చెప్పడానికి అలంపురం కంటే మంచి ఊరు నాకు తెలియదు.

హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద, కర్నూలు ఇంకాసేపట్లో వస్తుందనగా అలంపూర్ చౌరస్తా వస్తుంది. మీరు ఎన్నోసార్లు దాటే ఉంటారు. అక్కడ రోడ్డు దిగి లోపలికి వెళ్తే తుంగభద్ర ఒడ్డున ఉంటుంది ఊరు. ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా, 2016కు ముందు మహబూబ్‌నగర్ జిల్లా. కాస్త కిందికి వెళ్తే తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. శ్రీశైలానికి పడమటి వాకిలి అని పెద్దలు చెబుతారు. జోగులాంబ అమ్మవారి కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. అమ్మవారి దర్శనం చేసుకుని, ఫోటో తీసుకుని, ఎండ ముదరకముందే కారెక్కేస్తారు. ఆ పక్కనే ఉన్న తొమ్మిది గుళ్లను నవబ్రహ్మాలయాలు అంటారు. బాదామి చాళుక్యుల కాలంలో, అంటే 7, 8 శతాబ్దాల్లో కట్టినవి. బాలబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ, తారకబ్రహ్మ, గరుడబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ అని పేర్లు. పేరులో బ్రహ్మ ఉన్నా లోపల ఉన్నది శివుడే. పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పి చూడండి, ఎందుకని వాళ్లే అడుగుతారు. తొమ్మిదింటిలో ఎనిమిదింటి శిఖరాలు ఉత్తరాది గుళ్ల మాదిరిగా వంపు తిరిగి పైకి లేస్తాయి; తారకబ్రహ్మ శిఖరం ఒక్కటే వేరుగా, మన దక్షిణాది పద్ధతిలో ఉంటుంది. తేడా ఎక్కడుందో వెతకమంటే పిల్లలు అరగంట ఆడుకుంటూ వెతుకుతారు. అదే ఊళ్లో షా అలీ పహిల్వాన్ దర్గా కూడా ఉంది.

ఇదంతా ఈనాటికీ చూడగలుగుతున్నామంటే దాని వెనక రెండు తరాల వాళ్ల చేతిరాత ఉంది.

ఉద్యోగాలు చేసుకుంటూ రాసినవాళ్లు

వంద సంవత్సరాల వెనక్కి వెళ్దాం. హైదరాబాదు సంస్థానంలో ఆఫీసు భాష, కాలేజీ భాష ఉర్దూ. ఊళ్లలో జనం మాట్లాడేది తెలుగైనా, ఆ ఊళ్ల గుళ్ల మీద, చెరువు కట్టల మీద ఉన్న తెలుగు రాతల్ని చదివి అచ్చువేసేవాళ్లు చాలా తక్కువ. తెలుగులో చరిత్ర, విజ్ఞాన గ్రంథాలు వెలువరించడానికి 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని పెట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో చనిపోయారు. ఆయన పేరు నిలబెట్టడానికి హైదరాబాదులోని మిత్రులు ఆ ఏడాదే ఒక పరిశోధక మండలి పెట్టారు. అదే లక్ష్మణరాయ పరిశోధక మండలి. చేయదలుచుకున్న పని సూటిగా ఉండేది: ఊరూరా ఉన్న శాసనాల్ని చదివి, నకలు తీసి, పుస్తకంగా అచ్చువేయడం. ఆ బరువు ఎక్కువగా మోసినవారు ఆదిరాజు వీరభద్రరావుగారు. వృత్తి తెలుగు ఉపాధ్యాయుడు. మాకు ఆ మాట చెప్పుకోవడం కొంచెం గర్వంగానే ఉంటుంది. 'తెలంగాణా శాసనములు' మొదటి సంపుటం 1935లో వచ్చింది. అంటే మండలి పుట్టిన 12 ఏళ్లకు. మన పిల్లవాడు ఒకటో తరగతిలో చేరి ఇంటర్ పూర్తిచేసేంత కాలం!

ఇదే కాలంలో అటు రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1922లో మొదలై, 1926 నుంచి సొంత పత్రిక నడిపింది. దాన్ని నడిపిన భావరాజు వెంకటకృష్ణారావుగారు న్యాయవాది. పగలు కోర్టు, రాత్రి రాగిరేకులు. ఆ రోజుల్లో చరిత్ర పని చాలావరకు ఇలాగే జరిగింది, బతుకుతెరువు పని బతుకుతెరువు పనే, ఇది మాత్రం ఇష్టంతో.

మళ్లీ అలంపురానికి వద్దాం. మండలి వేసిన 'తెలంగాణా శాసనములు' రెండో సంపుటం 1960లో వచ్చింది. దాని సంపాదకులు గడియారం రామకృష్ణశర్మగారు. 1919లో పుట్టి, అలంపురంలో స్థిరపడిన పండితుడు, కవి, 'సుజాత' పత్రిక సంపాదకుడు. ఆయనకు ఆ గుళ్లు పరిశోధన విషయం కాకముందే రోజూ కళ్లెదురుగా కనిపించే ఇరుగుపొరుగు. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు ఆ చిన్న ఊళ్లో జరిగాయంటే, అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు అక్కడిదాకా వచ్చారంటే, దాని వెనక ఆయన పట్టుదల ఉంది. ఊరికి పెద్దవాళ్లొస్తే రోడ్డు వేస్తారని మనందరికీ తెలుసు. ఊరి పేరు పత్రికల్లోకి ఎక్కుతుందని, దేశం కళ్లు ఒకసారి ఇటు తిరుగుతాయని ఆయన లెక్క. ఆయన ఆత్మకథ 'శతపత్రము'కు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, అప్పటికి ఆయన లేరు. పెద్ద పిల్లలున్న ఇళ్లలో ఆ పుస్తకం ఉండదగ్గది.

శాసనం చదవడం ఎలా?

ఇక్కడ పిల్లల్ని పిలవండి.

శాసనం అంటే ఆ రోజుల్లో రాతి మీద చెక్కిన రిజిస్ట్రేషన్ దస్తావేజు అనుకోండి. మనం ఫ్లాటు కొన్నప్పుడు కాగితంలో ఏముంటుంది? తేదీ, అమ్మినవారు, కొన్నవారు, హద్దులు, సాక్షులు. శాసనంలోనూ దాదాపు అవే. మొదట శుభం పలికే మాట, తర్వాత రాజుగారి బిరుదులు (ఇవి ఒక్కోసారి సగం రాయి మింగేస్తాయి), తర్వాత తేదీ, దానం చేసినవారి పేరు, ఏం దానం చేశారో, ఆ పొలానికి నాలుగు దిక్కులా ఏ వాగు, ఏ చెట్టు, ఏ పుట్ట హద్దో. చివర్లో ఈ దానాన్ని చెడగొట్టినవాడికి తగిలే పాపాల జాబితా. చదువురానివాళ్లకు కూడా అర్థం కావాలని పైన సూర్యుణ్ణి, చంద్రుణ్ణి చెక్కుతారు. వాళ్లున్నంత కాలం ఇది చెల్లుతుందని అర్థం.

రాయి మీది రాతను కాగితం మీదికి ఎలా తెస్తారో పిల్లలకు చెబితే భలే ఇష్టపడతారు. రాతిని మెత్తటి బ్రష్షుతో నీళ్లతో కడుగుతారు. తడి కాగితాన్ని దానిమీద పరిచి బ్రష్షుతో కొడుతూ ఉంటే అక్షరాల గాడుల్లోకి కాగితం దిగుతుంది. పైన సిరా ముంచిన గుడ్డ ఉండతో అద్దుతారు. రాయి ఎత్తుగా ఉన్నచోట నలుపు అంటుతుంది, అక్షరం లోతుగా ఉన్నచోట తెల్లగా మిగులుతుంది. ఆరాక మెల్లగా ఊడదీస్తే నల్లకాగితం మీద తెల్ల అక్షరాలు. ఇది తెలిసినవాళ్లు, అనుమతి ఉన్నవాళ్లు చేసే పని. ఇంట్లో ప్రయత్నించాలనుకుంటే ఒక రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దితే చాలు, సూత్రం దాదాపు అదే.

ఇప్పుడు కూడిక. అలంపురంలో చాళుక్య విజయాదిత్యుడి కాలం నాటి శాసనం ఒకటి ఉంది. ఈశానాచార్యస్వామి అనే ఆయన గుళ్లకు ప్రాకారం కట్టించాడని చెబుతుంది. తేదీ శకం 635. శకసంవత్సరానికి 78 కలిపితే మన క్యాలెండరు సంవత్సరం వస్తుంది. కలపమనండి. 713 వచ్చిందా? (శకసంవత్సరం ఉగాదికి మారుతుంది కాబట్టి ఉగాదికి ముందు నెలల్లో రాసిన శాసనమైతే 79 కలపాలి. పరీక్షలో అడగరులెండి.) ఒక్కసారి ఆ అంకెను ఊహించుకోండి. 1300 సంవత్సరాలకు పైబడిన ఒక గోడ, దాన్ని కట్టించినాయన పేరు, రెండూ మనకు తెలుసు. మన అపార్టుమెంటు ప్రహరీ ఎవరు కట్టారో మనలో ఎంతమందికి తెలుసు?

భాగహారం ఇంకా బాగుంటుంది. రాణీ రుద్రమదేవి ఎప్పుడు చనిపోయిందో పాత పుస్తకాల్లో ఒకటి ఉండేది, ఇప్పుడు ఇంకొకటి ఉంటుంది. మార్చింది నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే పల్లెలో ఉన్న ఒక రాయి. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, చనిపోయిన రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని సోమనాథదేవుడికి భూమి దానమిచ్చి వేయించిన శాసనం అది. తేదీ శకం 1211, విరోధి సంవత్సరం, మార్గశిర మాసం. 1211కు 78 కలిపితే 1289. ఆమె 1295 దాకా పాలించిందనుకున్న లెక్క ఆ రాయితో తలకిందులైంది. రాజులు వేయించిన వెయ్యి బిరుదుల శాసనాలు చెప్పని సంగతి ఒక నౌకరు రాయించిన చిన్న రాయి చెప్పింది. నాకైతే కాకతీయుల చరిత్ర మొత్తంలో ఇష్టమైన రాయి ఇదే.

ఆ తేదీ నిజమేనా అని పిల్లలే తనిఖీ చెయ్యొచ్చు. మన సంవత్సరాల పేర్లు 60, ఆ తర్వాత మళ్లీ మొదటికొస్తాయి. 2009 ఉగాదికి మొదలైంది విరోధి నామ సంవత్సరం. 2009లోంచి 1289 తీసేస్తే 720. దాన్ని 60తో భాగిస్తే సరిగ్గా 12, శేషం సున్నా. రాయి అబద్ధమాడలేదు!

ఇదే లెక్క ఇంట్లోనూ పనికొస్తుంది. మా నాయనమ్మ తరం వాళ్లకు పుట్టినతేదీలు లేవు, సంవత్సరం పేరు మాత్రం గుర్తుండేది. జయ నామ సంవత్సరంలో పుట్టానని ఎవరైనా చెబితే, మొన్నటి జయ 2014లో మొదలైంది కాబట్టి 60 తీసేస్తే 1954. ఆధార్ కార్డులో జనవరి 1 అని పడిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ సంక్రాంతికి వాళ్ల అసలు పుట్టినరోజు కనిపెట్టండి. ఏ నెల, ఏ తిథి, వరి కోతలప్పుడా, దీపావళి ముందా అని అడుగుతూ పోతే చాలా దగ్గరికి వస్తారు. చరిత్ర పరిశోధన అంటే చాలావరకు ఇలా అడుగుతూ పోవడమే.

నీళ్లు వచ్చినప్పుడు

1963లో జవహర్‌లాల్ నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. మనకు కరెంటు కావాలి, నీళ్లు కావాలి. దాని మీద రెండో మాట లేదు. కానీ ఆనకట్ట వెనక 885 అడుగుల మట్టం దాకా నీళ్లు నిలిస్తే కృష్ణ, తుంగభద్ర లోయల్లో ఏమేం మునుగుతాయో లెక్క వేయాల్సి వచ్చింది. ఆ లెక్కలో సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయం ఉంది. చాళుక్యుల కాలం నాటి అందమైన గుడి. అలంపురానికి పక్కనే ఇరవైకి పైగా చిన్నా పెద్దా గుళ్లున్న పాపనాశి ఉంది. నవబ్రహ్మాలయాలకూ నీటి భయం ఉంది.

అప్పుడు జరిగిన పని గురించి పిల్లలకు తప్పక చెప్పండి, ఇంజినీరింగు మీద ఇష్టమున్నవాళ్లకైతే మరీ. గుడిని కదిలించాలంటే ముందు దాన్ని కాగితం మీదికి ఎక్కించాలి. పునాది నుంచి శిఖరం దాకా కొలతలు, బొమ్మలు, ఫోటోలు. తర్వాత ఒక్కో రాతికి ఒక్కో నంబరు: ఏ గోడ, ఏ వరుస, ఆ వరుసలో ఎన్నోది. ఆ తర్వాత పైనుంచి కిందికి, కట్టిన క్రమానికి సరిగ్గా తలకిందులుగా విప్పుతూ రావాలి. రాళ్లను కొత్తచోటికి చేర్చి, అక్కడ పునాది పోసి, నంబర్ల ప్రకారం మళ్లీ కింది నుంచి పైకి పేర్చాలి. ఒక్క నంబరు చెరిగిపోతే ఆ రాయి ఎక్కడిదో తేల్చడానికి రోజులు పడుతుంది. పురావస్తు శాఖలవాళ్లు కూడవెల్లి గుడిని ఇలాగే విప్పి తెచ్చి అలంపురంలో నిలబెట్టారు. పాపనాశి గుళ్లనూ ఎగువకు మార్చారు. నవబ్రహ్మాలయాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి, వాటి కోసం నది వైపు పెద్ద రక్షణ గోడ లేచింది. ఇవాళ మీరు అలంపురం వెళ్తే గుళ్ల పక్కనుంచి నది నేరుగా కనిపించదు, ఆ గోడ అడ్డుగా ఉంటుంది. అందం కొంత పోయింది, నిజమే. గుళ్లు మిగిలాయి.

2009 అక్టోబరు వరద మీలో కర్నూలువాళ్లకు గుర్తుండే ఉంటుంది. కర్నూలు నగరమే మునిగిన ఆ వారంలో అలంపురంలోకీ నీళ్లొచ్చాయి. గోడ కట్టేశాం కదా అని నిశ్చింతగా కూర్చోవడానికి నది ఒప్పుకోదు.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆపే చోటు వేరే ఉంది. శ్రీశైలం నీళ్ల కింద దాదాపు వంద ఊళ్లు మునిగాయి. కూడవెల్లి గుడికి నంబర్లు వేశారు, కూడవెల్లి ఊరికి ఎవరు వేశారు? ఏ వీధిలో ఎవరి ఇల్లు, బావి ఎక్కడ, పీర్ల చావిడి ఎక్కడ, ఏ చేనుకు ఏ పేరు, జాతర ఎప్పుడు, ఏ చెట్టు కింద పంచాయతీ? వాటిని రాసిపెట్టిన పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా నాకు కనబడలేదు. 1980ల మొదట్లో నీళ్లు వచ్చేసరికి జనం మూటాముల్లె సర్దుకుని కర్నూలుకో, ఆత్మకూరుకో, కొల్లాపూరుకో, వనపర్తికో వెళ్లిపోయారు. గుడి ముఖ్యమని రాసినవాళ్లున్నారు కాబట్టి గుడి కదిలింది. గుడి శాసనాల్ని అచ్చువేసి, పత్రికల్లో రాసి, సభలు పెట్టి ఇరవై, ముప్పై ఏళ్లుగా ఎవరూ మాట్లాడకపోయి ఉంటే, ముంపు జాబితా తయారుచేసిన ఆఫీసులో ఆ గుడి కూడా మరో రాతి కట్టడంగానే ఉండిపోయేదని నా అభిప్రాయం.

మన స్కూళ్లలో ముంపు ఊళ్ల కుటుంబాల పిల్లలు తప్పకుండా ఉంటారు. శ్రీశైలం ఒక్కటే కాదు, నాగార్జునసాగర్, సోమశిల, మధ్యమానేరు, పోలవరం. మీరు ఆ కుటుంబాలవాళ్లైతే మీ దగ్గరున్న కథ ఏ లైబ్రరీలోనూ లేదు.

నేను చెయ్యని పని

ఇంత చెప్పాక నా సంగతి కూడా చెప్పాలి. మా ఊరి గుళ్లో ధ్వజస్తంభం పక్కన ఒక నిలువురాయి ఉండేది. పైన సూర్యచంద్రులు, కింద నాలుగు వైపులా రాతలు. చిన్నప్పుడు దాని మీదికెక్కి దూకేవాళ్లం. ఇరవై ఏళ్ల కిందట గుడి బాగుచేయిస్తూ టైల్స్ వేశారు. దారికి అడ్డంగా ఉందని ఆ రాతిని పడుకోబెట్టి మెట్టుగా కూర్చి చుట్టూ సిమెంటు పోశారు. చేసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు, జేబులోంచి డబ్బు వేసుకుని గుడి బాగుచేయించినవాళ్లు. అది దస్తావేజు అని వాళ్లకు చెప్పాల్సింది నేను. అప్పటికే సోషల్ మాస్టారిని. శకానికి 78 కలపాలని క్లాసులో చెబుతున్నవాణ్ణి. ప్రతి పండక్కీ ఊరెళ్తూ కూడా ఒక్కసారి కూడా ఆ రాతిని ఫోటో తీయలేదు, మా ఇంటిదే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఇప్పుడు దానిమీద ఏముందో అడిగితే నాకు తెలియదు. ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఈ సెలవుల్లో

అందుకే ఈసారి ప్రాజెక్టు వర్క్‌కి థర్మాకోల్ ఎర్రకోటలు వద్దు. (ఆ ఎర్రకోటలు రాత్రి పదకొండింటికి ఎవరు కడతారో మాకూ తెలుసు.) ఒక్క 100 పేజీల నోట్‌బుక్ చాలు. ఊరెళ్లాక పిల్లలతో కలిసి ఒక పూట తిరగండి. గుడి, మసీదు, చర్చి, దర్గా, చెరువు తూము, పాత బడి, రచ్చబండ, ఊరి పొలిమేర రాయి, వీరగల్లు, ఏదైనా సరే. రాత ఉన్న రాయి కనిపిస్తే పొద్దున్నేగానీ సాయంత్రంగానీ, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీయండి. నడినెత్తిన ఎండలో అక్షరాలు కనిపించవు. పక్కన ఒక పెన్ను పెట్టి తీస్తే రాయి ఎంత పెద్దదో తెలుస్తుంది. దయచేసి అక్షరాలు బాగా కనబడాలని సుద్దగానీ, నూనెగానీ, పసుపుగానీ రాయకండి, గీకి శుభ్రం చెయ్యకండి. రక్షిత కట్టడమైతే 1958 నాటి చట్టం ప్రకారం దానికి హాని చేయడం నేరం కూడా. భూమిలో పాత నాణేలో విగ్రహమో దొరికితే ఇంటికి తెచ్చుకోకూడదు, రెవెన్యూ అధికారులకు చెప్పాలి. ఆ చట్టం 1878 నుంచీ ఉంది.

మీ ఊరి గురించి ఎవరూ రాయలేదని అప్పుడే తీర్మానించుకోకండి. కోస్తా, రాయలసీమ ఊళ్లవారైతే కైఫియత్తులు వెతకండి. 1800 ప్రాంతంలో కల్నల్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకున్న ఊరి చరిత్రలు అవి. కడపలోని బ్రౌన్ గ్రంథాలయం కడప జిల్లా కైఫియత్తుల్ని సంపుటాలుగా అచ్చువేసింది. తెలంగాణలో వరంగల్, కరీంనగర్, నల్లగొండ వంటి జిల్లాల శాసన సంపుటాలున్నాయి. సూచికలో మీ ఊరి పేరు చూసుకోండి. చాలామంది తల్లిదండ్రులకు అక్కడ సొంత ఊరి పేరు అచ్చులో కనిపించినప్పుడు కలిగే ఆనందం నేను చూశాను, పిల్లల ర్యాంకు చూసినప్పటికంటే ఏమీ తక్కువ కాదు.

రాయి లేకపోతే మనిషి ఉన్నారు. ఊళ్లో అందరికంటే పెద్దావిడ దగ్గర కూర్చుని పిల్లలు ఫోన్‌లో రికార్డు చెయ్యాలి, ముందు ఆవిడను అడిగి. "మీ చిన్నప్పుడు ఎలా ఉండేది?" అంటే "ఏముందమ్మా, కష్టాలే" అని ఊరుకుంటారు. అలా కాకుండా "నీళ్లు ఎక్కడినుంచి తెచ్చేవాళ్లు?", "కరెంటు వచ్చిన రోజు ఏం చేశారు?", "పెళ్లికి ఏ బండిలో వచ్చారు?", "ఈ వీధికి ఈ పేరెందుకొచ్చింది?" అని అడగమనండి. చెప్పింది చెప్పినట్టే, ఆవిడ మాటల్లోనే రాయాలి. మన పుస్తక భాషలోకి మార్చొద్దు. ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు, ఆ రోజుకు వాళ్ల వయసెంత అన్నది ప్రతి పేజీ పైన ఉండాలి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయాలి, ఎవరిది తప్పో పిల్లలు తేల్చక్కర్లేదు.

మార్కుల కోసం తల్లిదండ్రులే కూర్చుని రాసిపెట్టిన నోట్‌బుక్కు మాకు చూడగానే తెలిసిపోతుంది, అందుకని దీనికి మార్కులు లేవు. సెలవులయ్యాక మొదటి శనివారం సోషల్ పీరియడ్‌కు పిల్లలు నోట్‌బుక్కులు తెస్తే చాలు. ఒకే మండలం నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే వాళ్లను కలిపి కూర్చోబెడతాం. నోట్‌బుక్కులు మీ ఇంటికే తిరిగొస్తాయి, ఒక్కో నకలు స్కూలు లైబ్రరీలో ఉంచుతాం.

ఇక నేను భోగి మర్నాడు ఊరెళ్తున్నాను. గుడి మెట్టు ఎత్తించి రెండో వైపు చూడనిస్తారేమో పెద్దల్ని అడగాలి.